పినాకపాణి రాసిన ఆరుచుక్కలు

ప్రొద్దుటూరులో పినాకపాణి అనే ప్రోగ్రామర్ ఉండేవాడు, అందరూ పాణి అని పిలిచేవారు. అతని చేతిలో ఎంత పనితనం ఉండేదో, తెలియక అడిగేవాళ్లంటే అంత విసుగు ఉండేది.

అతను ఒక చిన్న సంస్థకు ఇంటి నుంచే పని చేసేవాడు. ఆ పని ముగిశాక సాయంత్రాలు తనకిష్టమైనవి రాసుకునేవాడు. అతని కంప్యూటర్‌లో లినక్స్ ఉండేది. లినక్స్ అంటే ఎవరైనా ఉచితంగా తెచ్చుకుని, తమకు కావలసినట్టు మార్చుకుని వాడుకోగలిగే వ్యవస్థ. కాలేజీ రోజుల్లో దాన్ని అతనికి ఎవరూ నేర్పలేదు. హాస్టల్ గదిలో ఒక పాత కంప్యూటర్ ముందు కూర్చుని, పాడుచేసుకుంటూ, బాగుచేసుకుంటూ తనంతట తానే నేర్చుకున్నాడు. ఒకసారి తప్పు ఆదేశం కొట్టి, చివరి సంవత్సరం ప్రాజెక్టంతా పోగొట్టుకుని, మళ్లీ మొదటి నుంచి రాశాడు. ఆ కష్టాన్ని అతను మరిచిపోలేదు. ‘నేనింత కష్టపడ్డాను, మిగతావాళ్లూ పడనీ’ అనుకునేవాడు. సులువుగా వచ్చినదానికి విలువ ఉండదని పైకి కూడా అనేవాడు.

హాస్టల్లో అతని గదిలోనే ఓబులేసు అనే స్నేహితుడు ఉండేవాడు. ఓబులేసుకు పుట్టుకతోనే చూపు లేదు. పరీక్షలప్పుడు పాణి అతనికి పాఠాలు చదివి వినిపించేవాడు. చదువులయ్యాక ఓబులేసు కడపలో బ్యాంకు ఉద్యోగంలో చేరాడు. అప్పుడు పాణి అతని కోసం ఒక ప్రోగ్రాం రాశాడు. తెలుగులో టైపు చేసిన దేన్నైనా అది బ్రెయిలీ లిపిలోకి మార్చేది. బ్రెయిలీలో అక్షరాలు గీతలు కావు, కాగితం మీద ఉబ్బెత్తుగా లేచిన చుక్కలు. ఆరు చుక్కల్లో ఏవి లేచాయో వేలితో తడిమి చదువుతారు. అందుకే పాణి తన ప్రోగ్రాంకు ‘ఆరుచుక్కలు’ అని పేరు పెట్టాడు. కడపకు వెళ్లి, ఓబులేసు కంప్యూటర్ ముందు తనే కూర్చుని, దాన్ని ఎక్కించి, చుక్కలు పొడిచే బ్రెయిలీ ప్రింటర్ మీద ఒక పేజీ తీసి ఇచ్చాడు. ఒక్క ఒత్తు, ఒక్క గుణింతం తప్పు పోలేదు. కాగితం మీద వేళ్లు ఆడిస్తూ ఓబులేసు దాన్ని మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాడు. ఆ రోజు పాణికి కలిగిన సంతోషం నిజమైనది.

తర్వాత అతను ఆరుచుక్కలను అందరికీ ఉచితంగా ఇంటర్నెట్లో పెట్టాడు. అయితే వెంటనే వాడుకునేలా పెట్టలేదు, సోర్స్ కోడ్‌గా పెట్టాడు. అంటే తను రాసిన వరుసలను రాసినట్టే ఉంచాడు. తెచ్చుకున్నవాళ్లు వాటిని తమ కంప్యూటర్‌లో తామే కూర్చుకుని, పనిచేసే ప్రోగ్రాంగా తయారు చేసుకోవాలి. హోటల్లో వేడి దోసె తినడం వేరు. బియ్యం, మినప్పప్పు తెచ్చుకుని నానబెట్టి రుబ్బుకోవడం వేరు. ఆరుచుక్కలు రెండో రకం. రుబ్బుకోవడం ఎలాగో చెప్పే సూచనలు కూడా పాణి రాశాడు కానీ, అవి నాలుగే వరుసలు. ‘కావలసినవన్నీ ఉన్నాయో లేదో చూసుకోండి’ అని మొదటి వరుస. దాని కింద మూడు ఆదేశాలు. అంతే.

ఒక జూన్ నెలలో పాణికి రాయచోటి నుంచి మెయిల్ వచ్చింది. రాసినావిడ పేరు ఖైరున్నిసా. అక్కడి అంధ బాలికల పాఠశాలలో తెలుగు, సాంఘికం చెప్పే టీచరు. ఆ ఏడు పదో తరగతి సాంఘికం పుస్తకం మారింది. కొత్త పుస్తకానికి బ్రెయిలీ ప్రతులు ఇంకా తయారు కాలేదు. బడికి ఎవరో దాత ఒక బ్రెయిలీ ప్రింటర్, లినక్స్ ఉన్న రెండు కంప్యూటర్లు ఇచ్చారు. ఆమె వేసవి సెలవుల్లో కూర్చుని పాఠాలన్నీ తెలుగులో టైపు చేసి పెట్టుకుంది. వాటిని బ్రెయిలీలోకి మార్చేది ఒక్కటే తక్కువ.

‘మీ ఆరుచుక్కలు దొరికిందని మా పిల్లలకు చెప్పాను సార్, చాలా సంతోషపడ్డారు’ అని రాసింది. ‘కావలసినవన్నీ ఉన్నాయో చూసుకోమన్నారు. కావలసినవి అంటే ఏవో దయచేసి చెప్పగలరా?’

పాణి ఆ మెయిల్ చదివి నిట్టూర్చాడు. ఆ పేర్లు రాయడానికి అతనికి ఒక్క నిమిషం పట్టేది. కానీ అతను ఇలా రాశాడు: ‘ప్రోగ్రాంను కూర్చడానికి ప్రయత్నిస్తే అదే చెబుతుంది. తెర మీద వచ్చేది చదువుకోండి.’

ఖైరున్నిసా చదువుకుంది. తెర మీద వచ్చేదంతా ఇంగ్లీషులో, పేజీలకు పేజీలు వచ్చేది. అందులో ఏది ముఖ్యమో, ఏది కాదో ఆమెకు తెలిసేది కాదు. బడి అయిపోయాక రోజూ కాసేపు కూర్చునేది. ఏదో ఒకటి లేదని వస్తే, దాని పేరు పట్టుకుని వెతికి తెచ్చి ఎక్కించేది. మళ్లీ ఇంకొకటి లేదని వచ్చేది. జూలై గడిచింది. ఆగస్టులో ఆమె పాణికి మళ్లీ రాసింది.

‘సార్, మిగతావన్నీ అయినట్టున్నాయి. ఇప్పుడు పాణి అనే ఫోల్డర్ కనబడలేదు అని వచ్చి ఆగిపోతోంది. అది మీ పేరే అనుకుంటాను. మా కంప్యూటర్‌లో మీ పేరుతో ఫోల్డర్ ఉండాలా సార్?’

ఆ ప్రశ్నకు పాణికి నవ్వొచ్చింది. ఆవిడ ఎక్కడో ఏదో తప్పు కొట్టి ఉంటుందని అనుకున్నాడు. ఏం కొట్టిందో అడగలేదు. తను రాసిన దాన్ని ఒకసారి తెరిచి చూసుకోనూ లేదు. ‘ముందు కంప్యూటర్ వాడటం నేర్చుకుని, ఆ తర్వాత ఇలాంటివి మొదలుపెట్టండి’ అని జవాబు పంపాడు.

ఆ తర్వాత రాయచోటి నుంచి మెయిల్ రాలేదు. పీడ విరగడైందనుకుని పాణి తన పనిలో పడ్డాడు.

ఫిబ్రవరిలో ఓబులేసు ఫోన్ చేశాడు.

“పాణీ, వచ్చే శనివారం ఖాళీనా?” అని అడిగాడు. “రాయచోటిలో ఆడపిల్లల బడి ఒకటి ఉంది, చూపు లేని పిల్లలది. ఉద్యోగం ఎట్లా తెచ్చుకున్నానో వచ్చి చెప్పమన్నారు. నన్ను కార్లో తీసుకుపోవా?”

పాణికి ఆ ఊరి పేరు వినగానే ఏదో గుర్తొచ్చినట్టయింది. అయినా సరేనన్నాడు.

“ఇంకోటి,” అన్నాడు ఓబులేసు. “వాళ్ల దగ్గర బ్రెయిలీ ప్రింటర్ ఉందంట, ఊరికే పడి ఉందంట. నీ ఆరుచుక్కలు పెట్టేసి వద్దాం. పెద్ద పనేం కాదు కదా?”

“పది నిమిషాల పని,” అన్నాడు పాణి.

శనివారం పొద్దున ఇద్దరూ రాయచోటి చేరుకున్నారు. బడి ఊరి చివర ఉంది. పొడవాటి వరండా, దాని గోడ పొడవునా పిల్లలు పట్టుకుని నడవడానికి ఒక తాడు. గేటు దగ్గర ఒక టీచరు ఎదురొచ్చింది. యాభై ఏళ్లు ఉంటాయి. కుడి చేతి చూపుడు వేలికి, బొటనవేలికి గుడ్డ చుట్టుకుని ఉంది.

“నా పేరు ఖైరున్నిసా సార్. రండి,” అంది. పాణి పేరు వినగానే ఆమె ఒక్క క్షణం ఆగింది. అంతలోనే, “మీరే వచ్చారా. మంచిదయింది సార్, పిల్లలు సంతోషపడతారు,” అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అది లేకపోవడమే పాణికి ఇబ్బందిగా అనిపించింది.

ఓబులేసు తరగతి గదిలో కూర్చుని పిల్లలతో మాట్లాడాడు. పాణి వెనక బెంచీ మీద కూర్చుని చుట్టూ చూశాడు. ఒక బల్ల దగ్గర నలుగురు పిల్లలు ఒకే లావుపాటి పుస్తకం మీద వంగి ఉన్నారు. ఒకమ్మాయి వేలితో తడుముతూ నెమ్మదిగా పైకి చదువుతోంది, మిగతావాళ్లు వింటున్నారు.

“అదేం పుస్తకం?” అని పక్కనున్న ఖైరున్నిసాను మెల్లగా అడిగాడు.

“సాంఘికం సార్. చేత్తో చేసింది.”

“చేత్తో ఎలా చేస్తారు?”

ఆమె అల్మరాలోంచి ఒక పలక తెచ్చి చూపించింది. రెండు రేకుల మధ్య మందపాటి కాగితం బిగించి, సూదిలాంటి పుల్లతో ఒక్కో చుక్కా పొడవాలి. పొడిచిన వైపు కాక వెనక వైపు చుక్కలు లేస్తాయి కాబట్టి కుడి నుంచి ఎడమకు, అక్షరాన్ని తిరగేసి పొడవాలి. ఒక చుక్క తప్పితే అక్షరం మారిపోతుంది.

“సగం పుస్తకం అయింది సార్,” అంది ఆమె. “పరీక్షలు వచ్చే నెలే. మిగతా సగం నోటితో చెప్తున్నా. విని గుర్తుపెట్టుకునేవాళ్లు పెట్టుకుంటారు, కొందరికి నిలవదు.”

పాణి ఆమె వేళ్లకు చుట్టిన గుడ్డను చూశాడు.

ఓబులేసు మాటలు పూర్తయ్యాక అందరూ కంప్యూటర్ గదికి వచ్చారు. పిల్లలు గోడ వెంబడి వరుసగా నిలబడ్డారు. ఆ కంప్యూటర్లలో తెర మీది అక్షరాలను చదివి వినిపించే గొంతు ఉంది. పిల్లలు కూడా వాడుకోవాలని దాన్ని ఎప్పుడూ తీయకుండా ఉంచేవారు. పాణి కుర్చీ లాక్కుని కూర్చుని, తను రాసిన సూచనల ప్రకారమే మొదలుపెట్టాడు. మొదటి ఆదేశం బాగానే నడిచింది. కావలసినవన్నీ అప్పటికే ఉన్నాయి. ఆ వేసవి తర్వాత ఖైరున్నిసా ఒక్కొక్కటే వెతికి తెచ్చినవి. పాణి రెండో ఆదేశం కొట్టాడు. తెర మీద వరుసలు గబగబా పైకి పోయి, చివరికి ఆగిపోయాయి. ఆ గదిలో అందరికీ వినబడేలా గొంతు చదివింది. పాణి అనే ఫోల్డర్ కనబడలేదు అని దాని సారాంశం.

పాణి ఆదేశాన్ని మళ్లీ కొట్టాడు. గొంతు మళ్లీ అదే చదివింది.

ఓబులేసు తల పక్కకు వంచి విన్నాడు. “పాణీ, అది నీ పేరే కదరా,” అన్నాడు.

పాణి తన కోడ్ తెరిచి చూశాడు. ఒత్తులు, గుణింతాల పట్టిక ఎక్కడుందో ప్రోగ్రాంకు చెప్పే చోట, తన ఇంటి కంప్యూటర్‌లో తన పేరుతో ఉన్న ఫోల్డర్ దారినే రాసి వదిలేశాడు. మొదట్లో తన కోసం అలా రాసుకుని, తర్వాత మార్చడం మరిచిపోయాడు. అతని కంప్యూటర్‌లో ఆ ఫోల్డర్ ఎప్పుడూ ఉంటుంది. ఓబులేసు కంప్యూటర్‌లో కూడా అలవాటు కొద్దీ అదే పేరుతో తనే పెట్టాడు. అందుకే తప్పు ఇన్నాళ్లూ బయటపడలేదు. ఆ రెండు కంప్యూటర్లు తప్ప లోకంలో మరెక్కడా ఆరుచుక్కలు పనిచేయదు. ఎంత చదువుకున్నవాడు కూర్చున్నా పనిచేయదు.

గోడ దగ్గర నిలబడ్డ పిల్లల్లో గంగాభవాని అనే అమ్మాయి అడిగింది. “సార్, ఇది మీకు కూడా రాలేదా? టీచర్‌కి రాకపోతే, టీచర్‌కి తెలీక అనుకున్నాం.”

ఆ అమ్మాయి ఉన్న మాటే అడిగింది. పాణికి ఆగస్టులో వచ్చిన మెయిల్, దానికి తను ఇచ్చిన జవాబు మాటకు మాట గుర్తొచ్చాయి.

“టీచర్‌కి తెలుసమ్మా,” అన్నాడు. “తప్పు ఎక్కడుందో ఆవిడ నాకు అప్పుడే చెప్పారు. నేనే వినలేదు.”

అతను ఆ ఒక్క వరుస మార్చాడు. దానికి టీ చల్లారేంత సమయం కూడా పట్టలేదు. మళ్లీ ఆదేశం కొట్టాడు. ఈసారి ఆగలేదు. కాసేపటికి ఖైరున్నిసా టైపు చేసి పెట్టుకున్న పాఠం తెరిచి, ప్రింటర్‌కు పంపాడు. అది టకటకమని పెద్ద చప్పుడు చేస్తూ మందపాటి కాగితాన్ని బయటికి తోసింది. గంగాభవాని దాన్ని అందుకుని, నిలబడే చదవడం మొదలుపెట్టింది. మిగతా పిల్లలు ఆమె చుట్టూ చేరారు. ఇంకో కాగితం, ఇంకో కాగితం వచ్చాయి. గదిలో ప్రింటర్ చప్పుడు, పిల్లలు చదివే చప్పుడు తప్ప ఇంకేం లేదు.

పాణి మాత్రం తలెత్తలేదు. ఆ ఒక్క వరుస కోసం ఒక మనిషి నెలల తరబడి వేళ్లు పుండ్లు పడేలా చుక్కలు పొడిచింది.

“టీచర్ గారూ, మీకు నేను రాసిన జవాబు తప్పు,” అన్నాడు. “మీరు అడిగినప్పుడే చూసి ఉంటే ఈ పుస్తకం ఆగస్టులోనే వచ్చేది.”

ఖైరున్నిసా ప్రింటర్ తోసిన కాగితాలను వరుసగా సర్దింది. “నాకు రాకనే అనుకున్నా సార్,” అంది. “ఆ మెయిల్ చూసి రెండు రోజులు బాధపడ్డా. తర్వాత పలక తీసుకుని కూర్చున్నా. ఆ పని అయితే ఎవర్నీ అడిగే పని లేదు కదా.”

మధ్యాహ్నం భోజనాలయ్యాక పాణి బ్యాగు సర్దుకున్నాడు. “ఇక ఇబ్బంది లేదు,” అన్నాడు. “ఆ తప్పు సరిచేసి ఇంటర్నెట్లో పెట్టేస్తాను. ఇప్పుడు ఎవరైనా ఎక్కించుకోవచ్చు.”

“ఎవరైనా అంటే నాలాంటివాళ్లా సార్?” అని అడిగింది ఖైరున్నిసా.

పాణి బ్యాగు భుజానికి తగిలించుకోబోయి ఆగాడు.

“హిందూపురం బడిలో మా చెల్లెలి వరసావిడ పనిచేస్తుంది,” అంది ఆమె. “వాళ్లకూ ప్రింటర్ వచ్చింది. ఆమెకు నా అంత కూడా తెలీదు. మీరు ప్రతి ఊరికీ పోలేరు కదా.”

గదిలో రెండో కంప్యూటర్ ఉంది. దాని మీద ఎవరూ ఏమీ ఎక్కించలేదు. పాణి బ్యాగు కింద పెట్టాడు. “అయితే దాని మీద మీరు చేయండి,” అన్నాడు. “నా సూచనలు మాత్రమే చూసి చేయండి. మీకు ఇంతకుముందు తెలిసినవి మరిచిపోండి. నేను పక్కన కూర్చుని చూస్తాను.”

“చూస్తూ ఊరుకుంటావా?” అన్నాడు ఓబులేసు.

“ఊరుకుంటాను.”

ఊరుకోవడం అంత సులువు కాలేదు. ఖైరున్నిసా మొదటి ఆదేశం కొట్టింది. పాణి సూచనల్లో ప్రతి ఆదేశం ముందూ ఒక డాలర్ గుర్తు ఉంది. ఆదేశం ఇక్కడ మొదలవుతుందని చెప్పడానికి అలా పెట్టడం ప్రోగ్రామర్ల అలవాటు. ఆమె దాన్ని కూడా కలిపి కొట్టింది. కంప్యూటర్ ఒప్పుకోలేదు. పాణి చేయి కీబోర్డు వైపు పోయింది. కుర్చీ కిర్రుమన్న చప్పుడు ఓబులేసుకు వినబడింది.

“చేతులు ఒళ్లో పెట్టుకో,” అన్నాడు.

పాణి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

తర్వాత కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగింది. ఆమె కొట్టింది. తెర మీద ఏమీ కనబడలేదు. ఆమె మళ్లీ కొట్టింది, అయినా కనబడలేదు. కీబోర్డు తీగ ఊడిందేమోనని వంగి చూసింది. పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు అక్షరాలు కనబడకుండా ఉండటం ఇలాంటి చోట మామూలే. అది పాణికి ఎంత అలవాటంటే, ఒకప్పుడు తను కూడా అలాగే తీగ కదిపి చూశాడని అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్లూ అది గుర్తు రాలేదు.

“మొదటిసారి కూడా ఇక్కడే ఆగారా?” అని అడిగాడు.

“వారం రోజులు సార్,” అంది ఆమె. “మెకానిక్‌ని పిలిచి కీబోర్డు మార్పించా.”

అలా ఆ సాయంత్రం దాకా ఆమె ఎక్కడెక్కడ ఆగిందో పాణి గమనించాడు. ఆగినప్పుడల్లా తప్పు ఆమెది కాదని అర్థమైంది. కొన్ని చోట్ల అతను ఒక మాట చెప్పి ఉంటే చాలు. కొన్ని చోట్ల మనిషి చేయాల్సిన పనే లేదు, కంప్యూటర్ చేసుకోగలదు. కావలసినవి ఏవో ప్రోగ్రాంకు తెలుసు. తెలిసినప్పుడు లేదని చెప్పి ఆగిపోవడం ఎందుకు? తనే తెచ్చుకోవచ్చు కదా. ఈ ప్రశ్న అతను తనను తాను ఎన్నడూ వేసుకోలేదు.

తిరుగు ప్రయాణంలో పాణి కారు నడిపాడు.

“నా కంప్యూటర్‌లో నువ్వే పెట్టిచ్చావు,” అన్నాడు ఓబులేసు కాసేపటికి. “నేను అదృష్టవంతుణ్ణి. నీ గదిలో ఉన్నాను కాబట్టి దొరికింది.”

“నా గదిలో ఉండకపోయినా దొరకాలి,” అన్నాడు పాణి.

మర్నాటి నుంచి అతను సాయంత్రాలన్నీ ఆ పనికే పెట్టాడు. అది అతనికి రుచించే పని కాదు. కొత్త సంగతులు కనిపెట్టడంలో ఉండే హుషారు ఇందులో లేదు. ఉన్నదాన్నే మరొకరి కళ్లతో చూసి, ఒక్కో అడ్డూ తీసివేయాలి. మూడు ఆదేశాల చోట ఒక్క ఆదేశం వచ్చింది. అది కొడితే చాలు, ప్రోగ్రాం కంప్యూటర్‌ను చూసుకుని, ఏవి లేవో కనిపెట్టి, ‘ఇవి తెచ్చుకోమంటారా?’ అని తెలుగులో అడుగుతుంది. అవునంటే తెచ్చుకుంటుంది. పాస్‌వర్డ్ అడిగే ముందు, ‘మీరు కొట్టేది తెర మీద కనబడదు, భయపడకండి, కొట్టి ఎంటర్ నొక్కండి’ అని చెబుతుంది. మధ్యలో ఆగితే ఎందుకు ఆగిందో, ఇప్పుడేం చేయాలో రెండు ముక్కల్లో చెబుతుంది. తీసేయాలనుకుంటే తీసేయడానికి కూడా ఒక ఆదేశం ఉంది. డాలర్ గుర్తులు పోయాయి.

వారానికోసారి అతను రాయచోటి వెళ్లేవాడు. ఖైరున్నిసా ఎక్కించేది, అతను చేతులు ఒళ్లో పెట్టుకుని చూసేవాడు. ఆమె ఆగితే ఆ మాట మార్చేవాడు. “ఈ మాట నాకు అర్థమైంది కానీ, బెదిరించినట్టుంది సార్,” అని ఆమె ఒకసారి అంది. అతను దాన్నీ మార్చాడు.

మార్చిలో పదో తరగతి పరీక్షలు జరిగాయి. పిల్లలు జవాబులు చెప్తుంటే, చూపు లేనివాళ్లకు ఇచ్చే లేఖకులు పక్కన కూర్చుని రాశారు. ఫలితాలు వచ్చినప్పుడు చాలామంది పాసయ్యారు. గంగాభవాని, ఇంకో అమ్మాయి మాత్రం సాంఘికంలో తప్పారు. ఆ సంగతి విని పాణి బడికి వెళ్లాడు.

“పుస్తకం బాగుంది సార్,” అంది గంగాభవాని. ఆమె గొంతులో కోపం లేదు. “కానీ రెండోసారి చదివే టైం దొరకలేదు. ముందే ఉంటే పాసయ్యేదాన్ని.”

సప్లిమెంటరీ పరీక్ష అయ్యేదాకా పాణి వచ్చి ఆమెకు, రెండో అమ్మాయికి కావలసిన ప్రశ్నలు, జవాబులు ప్రింటు తీసి ఇచ్చాడు. ఈసారి ఇద్దరూ పాసయ్యారు. అయినా ఆ అమ్మాయిలు పోగొట్టుకున్న వేసవిని తను తిరిగి ఇవ్వలేనని అతనికి తెలుసు.

ఆ ఎండాకాలంలోనే హిందూపురం బడిలో ఆరుచుక్కలు పనిచేయడం మొదలుపెట్టింది. అక్కడి టీచరు ఎవరినీ పిలవలేదు. ఒక మధ్యాహ్నం కూర్చుని, తెర మీద వచ్చిన తెలుగు చదువుకుంటూ తనే ఎక్కించుకుంది. తర్వాత ఇంకో రెండు ఊళ్ల నుంచి మెయిళ్లు వచ్చాయి. అడగడానికి కాదు, ఎక్కించుకున్నామని చెప్పడానికి. ఒకాయన మాత్రం ఒక చోట ఆగిపోయానని రాశాడు. పాణి ఆయనను ఏం కొట్టారో, ఏం కనబడిందో ఓపికగా అడిగి తెలుసుకుని, ఆ అడ్డు కూడా తీసేశాడు.

గంగాభవాని ఇంటర్మీడియట్ కోసం కడపలో ఒక కాలేజీలో చేరింది. ఆమెకు లాయరు కావాలని కోరిక. ఆ కాలేజీలో చూపు లేని విద్యార్థి చేరడం అదే మొదటిసారి. అక్కడ ఒక లినక్స్ కంప్యూటర్, ఆమె కోసం తెప్పించిన బ్రెయిలీ ప్రింటర్ ఉన్నాయి కానీ, వాటిని ఎలా వాడాలో అక్కడివాళ్లకు తెలియదు. గంగాభవాని లెక్చరర్‌ను అడిగి కంప్యూటర్ ముందు కూర్చుంది. చదివి వినిపించే గొంతును పెట్టుకుంది. ఆరుచుక్కలు తెప్పించి ఒక్క ఆదేశం కొట్టింది. ‘ఇవి తెచ్చుకోమంటారా?’ అని గొంతు తెలుగులో అడిగింది. ఆమె అవునంది. లెక్చరర్ వెనక నిలబడి చూస్తున్నాడు.

“ఇది ఎవరు నేర్పారమ్మా?” అని అడిగాడు.

“నేర్పలేదు సార్. అదే చెప్తుంది కదా,” అంది గంగాభవాని.

ఈ సంగతి ఓబులేసు ఫోన్ చేసి చెప్పాడు. కాలేజీ అతని బ్యాంకు పక్కనే. గంగాభవాని అప్పుడప్పుడు వచ్చి అతనితో మాట్లాడి వెళ్లేది.

“నీ పేరు కూడా చెప్పలేదంట, పాణీ,” అన్నాడు ఓబులేసు నవ్వుతూ. “బాధగా ఉందా?”

పాణి కాసేపు ఆలోచించాడు. ఆరుచుక్కలు రాసిన రోజు అందరూ మెచ్చుకున్నారు. ఈ రోజు ఎవరూ మెచ్చుకోలేదు. తను లేని గదిలో, తనను ఎరగని మనుషుల ముందు, ఒకమ్మాయి ఎవరి సాయమూ లేకుండా తన పని తాను చేసుకుంది.

“లేదురా,” అన్నాడు. “చాలా బాగుంది.”

కష్టపడి నేర్చుకున్నవాడు ఆ కష్టాన్ని ఇతరుల దారిలో అడ్డుగా పెట్టకూడదు; కొత్తగా వచ్చినవాడికి దారి సులువు చేసినప్పుడే తన విద్య నలుగురికీ పనికొస్తుంది.